పాసు పుస్తకంలో అయిదెకరాలు, పొలంలో నాలుగు



సీ భాష కష్టమనీ, పల్లెటూరి పిల్లల తలకెక్కదనీ ఒక మాట మన చదువుల లోకంలో స్థిరపడిపోయింది. నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు నుండి వచ్చే విద్యార్థుల విషయంలో ఈ మాట మరీ తేలికగా అనేస్తారు. ఇది శుద్ధ అబద్ధం. లోపమంతా మన బోధనలో ఉంది. రుజువుగా ఒక్క అంశమే తీసుకుంటాను: దస్త్రాల మెమరీ మ్యాపింగు, అందులో తలెత్తే దోషాలు.

ఎమ్‌మ్యాప్ చేసే పని చిన్నది. డిస్కు మీది దస్త్రాన్ని ప్రోగ్రాము చిరునామాల్లో ఒక భాగంగా చూపిస్తుంది. అది కాగితం మీది హక్కు మాత్రమే. ఏ పేజీని తాకితే ఆ పేజీ అప్పుడు మెమరీలోకి వస్తుంది. పల్నాటి రైతుబిడ్డకు ఇది విప్పి చెప్పనక్కరలేదు. పాసు పుస్తకంలో అయిదెకరాలు, పొలంలో నాలుగూ ఉంటే, పుస్తకం చేతికందిన నాడు ఏ పేచీ ఉండదు. అయిదో ఎకరంలో నాగలి దించినప్పుడే గొడవ. దస్త్రం పొడవును మించి మ్యాప్ చేసినా అంతే: పిలుపు సఫలమవుతుంది, దస్త్రపు చివరి పేజీ దాటి చేయి పెట్టగానే సిగ్‌బస్ వచ్చి ప్రోగ్రాము కూలుతుంది. చదవాలంటే ముందు ఎఫ్‌స్టాట్‌తో పొడవు కొలవాలి; రాయాలంటే ఎఫ్‌ట్రంకేట్‌తో దస్త్రాన్ని పెంచాలి.

మిగతావీ ఇంతే సులువు. పిలుపు విఫలమైతే నల్ రాదు, మ్యాప్ ఫెయిల్డ్ వస్తుంది; దాని విలువ మైనస్ ఒకటి. నల్‌తో పోల్చినవాడికి వైఫల్యమే కనబడదు. ఆఫ్‌సెట్టు పేజీ పరిమాణానికి, అంటే సాధారణంగా 4096కు, గుణిజం కాకపోతే ఈ-ఇన్‌వాల్. ఖాళీ దస్త్రానికి సున్నా పొడవు అడిగినా అదే. చదవడానికి మాత్రమే తెరిచిన దస్త్రాన్ని రాసే హక్కుతో, షేర్డ్‌గా మ్యాప్ చేయబోతే ఈ-యాక్సెస్. ఎర్నో చూస్తే కారణం దొరుకుతుంది.

తెలుగు రాసేవాళ్ళకు పనికివచ్చే దోషం ఇంకొకటుంది. మ్యాప్ చేసిన దస్త్రం చివర నల్ బైటు ఉంటుందన్న హామీ లేదు. అయినా స్ట్ర్‌లెన్ వాడితే చాలాసార్లు పనిచేస్తుంది, చివరి పేజీలో మిగిలిన చోటు సున్నాలతో నిండుతుంది గనుక. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. ఖాళీలు లేకుండా 1365 సంకేతాలు, చివర ఒక న్యూలైను: సరిగ్గా 4096. సున్నాకు చోటే లేదు. స్ట్ర్‌లెన్ గట్టు దాటి పోతుంది.

ఇవేవీ మన ప్రయోగశాలల్లో ఎందుకు వినబడలేదు? వినబడే వీలే లేదు గనుక. 1987లో వచ్చిన టర్బో సీ, దాని తమ్ముడు టర్బో సీ++ అక్కడ దశాబ్దాల పాటు రాజ్యమేలాయి. అవి డాస్ కాలపు 16 బిట్ల సరుకు. పేజీల్లేవు, మెమరీకి కాపలా లేదు. శూన్య చిరునామాలో రాసినా, ప్రోగ్రాము ముగిశాక ‘నల్ పాయింటర్ అసైన్‌మెంట్’ అని ఓ ముక్క గొణిగి ఊరుకునేది. 64 బిట్ల విండోసు దాన్ని నడపనంటే, డాస్‌బాక్సులో పెట్టి మరీ బతికించుకున్నాము! అదే 1987లో జీసీసీ కూడా విడుదలైంది. అది ఉచితం, ఇప్పటికీ సజీవం. రెండింటిలో చనిపోయేదాన్ని ఏరుకున్న ఘనత మనది.

“పైథాన్ వచ్చాక ఇదంతా ఎందుకు?” అంటారు. పైథాన్‌లోనే ఎమ్‌మ్యాప్ మాడ్యూలు ఉంది. పెద్ద భాషా నమూనాలను సొంత కంప్యూటరులో నడిపే లామా.సీపీపీ, గిగాబైట్ల దస్త్రాన్ని తెరిచేది ఎమ్‌మ్యాప్‌తోనే. పునాది మారలేదు, పై అంతస్తు మారింది.

“ఉద్యోగానికి అవుట్‌పుట్ వస్తే చాలు” అనేవారికి నా జవాబు ఒకటే. రికార్డులో అవుట్‌పుట్ రాయించి, దోషాన్ని దాచమని నేర్పిన చదువు, తప్పు ఎక్కడుందో వెతకడం ఎన్నటికీ నేర్పదు. ఇంటర్వ్యూలో ఆ పిల్లవాడు నోరు విప్పలేకపోతే, నింద అతని ఊరి మీద వేస్తాము.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయింది. బోర్డులు మారాయి. ప్రయోగశాలల్లో కంపైలరు కూడా మారాలి. ప్రతి ప్రయోగంలోనూ, ప్రోగ్రామును కావాలని ఒకసారి పడగొట్టి, ఎందుకు పడిందో తెలుగులో రాయమని అడగాలి. ఆ రాతలకు కావలసిన మాటలు, ఉదాహరణలు సమకూర్చడం మన పని. కవిత్వానికీ, కథకూ యూనికోడులో చోటు సంపాదించిన మనకు సిగ్‌బస్ గురించి ఒక టపా రాయడం బరువా?