నాన్న బండి అంటారు దాన్ని

2023 సంక్రాంతికి వచ్చి వెళ్లాక మా అన్నయ్య హైదరాబాదు నుంచి కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో పెట్టాడు. మంగళగిరిలో మా ఇంటి మగ్గాల షెడ్డు పక్కన, చూరు కింద, గోనెపట్టాలు కప్పుకుని ఇరవై రెండేళ్లుగా పడున్న బుల్లెట్ ఫోటో అది. కింద ఒక వాక్యం: 'నాన్న బండిని బాగుచేయించి మన వాడికి ఇద్దామనుకుంటున్నా. నాన్న జ్ఞాపకం మూడో తరానికి.' మన వాడంటే తన కొడుకు. పదిహేడు మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. మా పిన్ని కళ్లనీళ్ల బొమ్మ కూడా పెట్టింది. ఆ గ్రూపులో మా అమ్మ లేదు, ఆమెకి ఆ ఫోనే లేదు.

'బండి నేను బాగుచేయించుకుంటాను, నేనే నడుపుతాను' అని రాశాను. ఆ తర్వాత రెండు రోజులు గ్రూపులో ఎవరూ మాట్లాడలేదు. మూడోరోజు అన్నయ్య ఫోన్ చేసి, 'నీకెందుకమ్మా అది? నూట అరవై కిలోల పైన బరువు. నీకు స్కూటీ ఉందిగా' అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నేనీ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రేమే.

అసలు అది ఎవరి బండి? 1974 మోడలు. నాన్న కొన్నది 1981లో, సెకండ్‌హ్యాండ్‌లో. అప్పుడాయన ఒక మాస్టర్ వీవర్ దగ్గర గుమాస్తా. చీరల మూటలు విజయవాడ వన్‌టౌన్ కొట్లకి చేర్చాలి, బస్సులో తీసుకెళ్తే నలుగుతున్నాయి, బండుంటే కమీషన్ పెరుగుతుంది అన్నాడు. డబ్బు అమ్మ మెడలోని నాలుగుపేటల గొలుసు. నాకప్పుడు పదేళ్లు, గొలుసు వెళ్లిన రోజు నాకు గుర్తుంది. బండి వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టింది నాన్న, నిమ్మకాయలు తొక్కించింది నాన్న, పానకాలస్వామి కొండ మెట్లదాకా నడిపింది నాన్న. ఆర్‌సీ పుస్తకంలో పేరు నాన్నది. గొలుసు పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

గుంట మగ్గం మీద పనెలా నడుస్తుందో చూసినవాళ్లకి ఈ లెక్క కొత్త కాదు. కండెలు చుట్టడం, పడుగు సిద్ధం చేయడం, తెగిన పోగు అతకడం, ఇవన్నీ అయితేగాని నాడె కదలదు. వాటిని ఇంట్లో ఆడవాళ్లూ పిల్లలూ చేస్తారు. కూలి మాత్రం చీరకి లెక్కగట్టి ఒక్కరి చేతికిస్తారు. మా ఇంట్లో అమ్మ నేసేది కూడా. మధ్యాహ్నం నాన్న మగ్గం దిగి బండెక్కితే అమ్మ వంటింట్లోంచి వచ్చి గుంటలో దిగేది. ఆ చీరనీ నాన్న నేసిన చీరే అనేవాళ్లు. అందుకే 'నాన్న బండి' అన్న మాట నాకు మామూలుగా వినపడదు.

ఇక బుల్లెట్ సంగతి. 1955లో ఇంగ్లండు కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టి, తర్వాత తిరువొత్తియూరులో తయారుచేసిన యంత్రం ఇది. మొదట మన సైన్యం సరిహద్దు కాపలాకని తీసుకుంది, తర్వాత పోలీసులు, తర్వాత ఊళ్లో మోతుబరులు. బండి వెంట ఆ ఖాకీ, ఆ మీసం కూడా మన వీధుల్లోకి వచ్చాయి. ప్రకటనల్లో తండ్రి తాళంచెవి కొడుక్కిస్తాడు, కొడుకు కిక్కు కొడతాడు, తల్లి గుమ్మంలో నిలబడి నవ్వుతుంది. ఆమెకి మాట రాయలేదు. 2021లో మోహన భోగరాజు పాడిన 'బుల్లెట్టు బండి' పాట ఊరూరా మోగింది, మంచిర్యాలలో ఒక పెళ్లికూతురు దానికి ఆడిన ఆట రాష్ట్రాలు దాటిపోయింది. ఆ అమ్మాయి హుషారు నాకు చాలా నచ్చింది. మా వీధి పెళ్లిలో నేనూ రెండడుగులు వేశాను. కానీ పాటలో ఉన్నదేమిటి? ఆయన బండెక్కి ఆయనతో వెళ్లిపోవడానికి సిద్ధమైన పెళ్లికూతురు. అంత హుషారూ వెనక సీటు కోసం.

ఆ వెనక సీటుకి చట్టంలో కూడా ఒక చోటు ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చూడండి. వెనక కూర్చున్న మనిషి పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి చోటు, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే రక్షణ, ఇవి లేకుండా మోటార్‌సైకిల్ తయారుచేయకూడదు. చీర అన్న మాట అందులో లేదు, ఆడమనిషి అన్న మాటా లేదు. అవసరం లేదు కూడా, ఈ దేశంలో చక్రం పక్కకి వేలాడే బట్ట ఎవరిదో రాసినవాళ్లకీ తెలుసు, చదివినవాళ్లకీ తెలుసు. నేను ఆ నిబంధనని తప్పుపట్టను, దానివల్ల ప్రాణాలు నిలిచాయి. కానీ ముందు సీటులో కూర్చున్న మనిషికి చీర ఉండొచ్చని ఊహించిన ఒక్క నిబంధన కూడా నాకు కనపడలేదు. కొంగు, కుచ్చిళ్లు, చైను, కిక్కు రాడ్డు గురించి ఎవరూ ఆలోచించలేదు.

బండి బాగుచేయడం మాటల్లో చెప్పినంత కవిత్వం కాదు. నాన్న 2001లో పోయేనాటికి ట్యాంకులో మిగిలిన పెట్రోలు కార్బొరేటర్లో బంకలా పేరుకుపోయింది. ట్యాంకు లోపల తుప్పు పెచ్చులు. వైర్లని ఎలుకలు కొరికేశాయి, టూల్‌బాక్సులో గూడు కట్టాయి కూడా, షెడ్డులోంచి మోసుకొచ్చిన నూలు ముక్కలతో. ఎరుపు, ఆకుపచ్చ, మధ్యమధ్య జరీ. చాలా అందమైన గూడు, నిజం చెప్పాలంటే. పిస్టన్ సిలిండర్లో పట్టేసింది. ప్లగ్గు ఊడదీసి ఆ రంధ్రంలోంచి డీజిలు పోసి వదిలేశాం. పదకొండో రోజు టాప్ గేరులో పెట్టి వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఊపితే కిర్రుమని కదిలింది. లోపల తుప్పు గీతలు పడ్డాయి గనక సిలిండర్ విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్లి లేత్ మీద బోరు కొట్టించి కొత్త పిస్టన్, రింగులు వేయించాం. క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. రబ్బరన్నది ఏదీ రబ్బరులా లేదు.

ఈ 'మేము'లో నేనెక్కడున్నానో కూడా చెప్పాలి. మెకానిక్ షాపుకి మొదటిరోజు మా ఆయన తోడొచ్చాడు. ఆయనకి సైకిల్ తప్ప ఏదీ రాదు. ప్రశ్న నేనడిగితే జవాబు ఆయనకి చెప్పేవాడు మెకానిక్. 'వాల్వులు గ్రైండ్ చెయ్యాలి సార్.' మా ఆయన నా వైపు తిరిగి అదే మాట నాకు చెప్పేవాడు. దుబాసీ అన్నమాట! రెండోరోజు నుంచి ఆయన్ని రావద్దన్నాను. స్కూలు వదిలాక నేనే వెళ్లి స్టూలు వేసుకు కూర్చునేదాన్ని. వారం గడిచాక నా చేతికి స్పానర్ ఇచ్చాడు ఆ కుర్రాడు, బహుశా నేను అడగడం ఆపనందుకు. ట్యాపెట్లు సరిచేయడం నేర్చుకున్నాను. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పుష్‌రాడ్ వేళ్లతో సులువుగా తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు. అంతే. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, ఇందులో అర్థం కానిదేమీ లేదు.

ఇప్పుడు కిక్కు గురించి. చిన్నప్పటినుంచి విన్నాను, 'బుల్లెట్ కిక్కు కొట్టాలంటే మగాడి కాలుండాలి, వెనక్కి తంతే ఎముక విరుగుతుంది' అని. వెనక్కి తన్నడం నిజమే. కానీ కిక్కుకి కావలసింది బలం కాదని తెలిసిన రోజు నాకొచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. తాళం తిప్పి కిక్కు రాడ్డు మెల్లగా నొక్కుతుంటే హెడ్‌లైటు దగ్గరున్న అమ్మీటరు ముల్లు మైనస్ వైపు వాలి, మళ్లీ మధ్యకి వస్తుంది. కాలికి గట్టిగా తగిలిన చోట ఆగి, హ్యాండిల్ దగ్గరున్న చిన్న డీకంప్రెసర్ లీవరు నొక్కిపట్టి, రాడ్డుని ఇంకొంచెం కిందకి దించి, లీవరు వదిలేయాలి. రాడ్డుని పైకి రానిచ్చి అప్పుడు ఒక్కసారి పూర్తిగా, ఒంటి బరువుతో తొక్కాలి. యాభై రెండేళ్ల వయసులో, మోకాళ్ల నొప్పితో, నాలుగోసారికి స్టార్ట్ చేశాను. ఆ లీవరు, ఆ ముల్లు ఆ బండికే ఉన్నాయి, మా నాన్నకి తెలుసు, అన్నయ్యకి నేర్పాడు. నాకు మాత్రం కాలు విరుగుతుందని చెప్పాడు. ఒక చిట్కాని కండబలమని నమ్మించి ఎన్ని ఇళ్లలో ఎంతమందిని పక్కకి నిలబెట్టారో ఆలోచించండి. బండి ఒక్కటేనా?

ఆడవాళ్లకి యంత్రం తెలియదన్నవాళ్లకి 1934 చివర్లో లండన్ నుంచి బయలుదేరిన థెరెసా వాలక్, ఫ్లారెన్స్ బ్లెంకిరన్‌ల సంగతి చెప్పాలి. సైడ్‌కారు తగిలించిన ఒక సింగిల్ సిలిండర్ పాంథర్ మీద సహారా దాటి, దారిలో బండి మరమ్మతులు చేసుకుంటూ 1935లో కేప్‌టౌన్ చేరారు. మన దగ్గర 2018లో హైదరాబాదు నుంచి నలుగురు ఆడవాళ్లు మోటార్‌సైకిళ్ల మీద ఆగ్నేయాసియా దేశాలు తిరిగొచ్చారు. వారిలో జై భారతి తర్వాత ఆడవాళ్లకి బళ్లు నేర్పే మోవో సంస్థ ప్రారంభించారు. నాకు యాత్రల కన్నా ఆ నేర్పడమే పెద్ద పనిగా కనిపిస్తుంది.

కాగితాల దగ్గర ఇంకో యుద్ధం. సొంత వాడకం బండికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, ఆ పైన అయిదేళ్లకోసారి కొత్త చేయించుకోవాలి. యజమాని పోతే మూడు నెలల్లో వారసులు పేరు మార్పించుకోవాలి. మేమెవరం చేయలేదు. బళ్ల కాగితాలు చూసే ఒక కార్యాలయంలో ఒకాయన నా దరఖాస్తు చూసి, 'మీ అన్నగారి పేరున పెట్టేస్తే ఒక్క వారంలో అయిపోతుందమ్మా' అన్నాడు సాయం చేస్తున్నట్టు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన మగమనిషి స్వార్జితంలో భార్యకీ, కొడుక్కీ, కూతురికీ సమాన వాటా. అంటే ఆ తుప్పులో మూడోవంతు నాది, మూడోవంతు అమ్మది. అదే చట్టం 14వ సెక్షన్ ప్రకారం అమ్మ గొలుసు మొత్తం అమ్మదే. గొలుసు గురించి అక్కడెవరూ అడగలేదు, దానికి దరఖాస్తు ఫారం లేదు. అమ్మ ఒక్క నిమిషంలో సంతకం పెట్టింది. అన్నయ్య సంతకానికి అయిదు నెలలు పట్టింది. పెట్టాడు, ఆ మాట కూడా చెప్పాలి.

అన్నయ్య సూచించిన మధ్యేమార్గం ఇంకోటుంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్ కింద నమోదు చేయొచ్చు. ఇరవై వేలు ఫీజు, పదేళ్ల గడువు. కానీ రోజూ రోడ్డు మీద తిప్పకూడదు, అసలు రూపం చెడకూడదు. 'హాల్లో పెట్టుకుందాం, పండక్కి తీద్దాం' అన్నాడు. ఏ అసలు రూపం? నాన్న ముందు, అమ్మ వెనక, ట్యాంకు మీద అన్నయ్య, ఇంట్లో నేను, అదే కదా? దాన్ని పాలిష్ పెట్టి హాల్లో నిలబెట్టడానికి నేను ఒప్పుకోను. నాకది నూతక్కి వెళ్లి రావడానికి, కూరగాయలు తేవడానికి కావాలి.

మన మిత్రుల్లోనూ కొందరు నన్ను నిలదీశారు. 'మగతనానికి గుర్తుగా తయారైన ఆ మోతబండి మనకెందుకు? పెట్రోలు తాగుతుంది, పొగ కక్కుతుంది, నువ్వు దాన్నెక్కితే పితృస్వామ్యం కూలుతుందా?' కూలదు. పొగ మాట నిజం, జవాబు లేదు. మొత్తం ఖర్చు డెబ్బై నాలుగు వేలయింది, అది నా జీతంలోంచి వచ్చింది. నా పక్కింట్లో కండెలు చుట్టే ఆమెకి ఆ లెక్క వినడానికే కష్టంగా ఉంటుంది. బుల్లెట్ నడిపే ఆడదాని ఫోటో వేసి చప్పట్లు కొట్టించే పత్రికల పని నాకొద్దు. ఒక స్థానిక విలేకరి వస్తే పంపేశాను. నేనడుగుతున్నది చాలా చిన్న విషయం. ఎవరి సొమ్ముతో కొన్నారో వారి పేరు చెప్పండి. యంత్రం ఎలా పనిచేస్తుందో కూతురికి కూడా చూపించండి. 'జ్ఞాపకం' అన్న మెత్తటి మాట చాటున ఆస్తిని మగబిడ్డ చేతిలోంచి మగబిడ్డ చేతిలోకి దాటించకండి. ఈ మాట బండికే కాదు, మంగళగిరి చుట్టూ రాజధాని వచ్చాక ధర పెరిగిన ప్రతి సెంటు భూమికీ వర్తిస్తుంది. అక్కడ తగాదా బయటికి కనపడుతుంది. పాత బండి దగ్గర అందరూ కన్నీళ్లు పెట్టుకుంటారు గనక కనపడదు.

పనంతా అయ్యాక మెకానిక్ కుర్రాడు చీర జాలీ తీసేద్దామన్నాడు. 'తీసేస్తే లుక్కొస్తుంది మేడం, అందరూ తీయించేసుకుంటున్నారు.' వద్దన్నాను. వెనక కూర్చునే మనిషి ఉంది నాకు.

అమ్మ వెంటనే ఎక్కలేదు. షెడ్డులోకి బండి తెచ్చిన రోజు, 'ఆయిలు కారకుండా చూడు, అక్కడ పడుగుంది' అంది, అంతే. తర్వాత ఎప్పుడో కంటి పరీక్షకి బెజవాడ వెళ్లాల్సివచ్చింది. ఆటో రాలేదు. ఎక్కింది, ఒక పక్కకి కూర్చుని నా భుజం పట్టుకుంది. తాడేపల్లి దాటి బ్యారేజీ మీదకి వచ్చాక, గాలికి సగం మాటలు పోతుండగా, మొత్తం ఎంతయిందని అడిగింది. చెప్పాను. కాసేపు ఊరుకుని, 'నా గొలుసు ఎంతకి అమ్మారో నీకు తెలుసా?' అంది.

తెలియదన్నాను.

'నాకూ తెలీదు. మీ నాన్న చెప్పలేదు, నేనడగలేదు' అంది. అవతలి ఒడ్డు చేరాక వీపు మీద తట్టి, 'పక్కకి తీసి ఆపు, కుచ్చిళ్లు సర్దుకోవాలి' అంది.