బ్యాటరీ రంపం ఎవరి చేతికి?

తాడేపల్లిగూడెం, ఏలూరు బజార్లలో పురుగుమందు స్ప్రేయర్ల పక్కనే ఇప్పుడు చిన్న బ్యాటరీ రంపాలు, కొమ్మలు కత్తిరించే బ్యాటరీ కత్తెరలు కనిపిస్తున్నాయి. కొనాలా వద్దా అని సభ్యులు సంఘాన్ని అడుగుతున్నారు. పనికొచ్చే పనిముట్టు ఏదైనా మన తోటల్లోకి రావాల్సిందేనని మా అభిప్రాయం. అయితే అది ఎవరి చేతికి వస్తోంది, ఏ రక్షణతో వస్తోంది అన్నది ముందు తేలాలి.

మన ప్రాంతంలో కొమ్మ కోత చిన్న పని కాదు. పెదవేగి, ద్వారకా తిరుమల, కామవరపుకోట వైపు కొబ్బరిలోనూ పామాయిల్‌లోనూ అంతరపంటగా కోకో ఉంది. కోకోలో కొమ్మలు గుబురుగా పెరిగితే గాలి ఆడదు, తేమ నిలుస్తుంది, వానాకాలంలో కాయకుళ్లు అందుకుంటుంది. మొదలు నుంచి లేచే నీటి కొమ్మలను ఎప్పటికప్పుడు తీసేయాలి. నూజివీడు మామిడిలోనూ అంతే. కోత అయిపోగానే ఎండుకొమ్మలు, ఒకదానిపై ఒకటి పడిన కొమ్మలు తీసి చెట్టు నడుమకు వెలుతురు పోనివ్వాలి. గుబురు తోటలోనే తేనెమంచు పురుగు ఎక్కువ.

ఈ పనికి బొటనవేలు లావు కొమ్మల వరకు బ్యాటరీ కత్తెర బాగా సాగుతుంది. రోజంతా చేతి కత్తెర నొక్కి అరచేతులు బొబ్బలెక్కే బాధ తప్పుతుంది. మణికట్టు లావు కొమ్మకు చిన్న రంపం చాలు. కత్తితో నరికితే కొమ్మ చీలి బెరడు ఊడుతుంది. రంపం కోత నున్నగా ఉండి గాయం త్వరగా మానుతుంది. బరువైన కొమ్మను ఒక్క కోతతో తెగ్గోయకూడదు. మొదలుకు అడుగు దూరంలో ముందు కింది నుంచి కొంత కోసి, దానికి కాస్త అవతల పైనుంచి కోయాలి. కొమ్మ పడిపోయాక మిగిలిన మోడును మొదలు దగ్గర ఉబ్బుకు ఆనించి తీసేయాలి. పెద్ద గాయాలకు బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం వేర్వేరుగా ప్లాస్టిక్ తొట్లలో కలిపి, రెండూ కలిపాక మొత్తం 10 లీటర్ల నీటికి సరిపెట్టుకోవాలి. ఇనుప పాత్ర వాడకూడదు.

ఇంతవరకు లాభం. ఇక ప్రమాదం సంగతి.

చిన్నదని ఒంటి చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కొమ్మ పట్టుకుని కోస్తున్నారు. రంపం ముక్కు కొమ్మకు తగిలితే అది ఒక్కసారిగా వెనక్కి ఎగిరి మనిషి మీదికి వస్తుంది. నిచ్చెన మీద, చెట్టు మీద ఉండి రంపం నడపడం అంతకన్నా ముప్పు. కళ్లజోడు, చేతి తొడుగులు, తలకు హెల్మెట్ లేకుండా పనికి దిగకూడదు. గొలుసు శుభ్రం చేసేటప్పుడు ముందు బ్యాటరీ ఊడదీయాలి.

అన్నిటికన్నా పెద్ద ముప్పు తీగలతో. పామాయిల్ గెలలు 10, 15 రోజులకోసారి కోయక తప్పదు. చెట్టు ఎత్తు పెరిగాక అల్యూమినియం గెడకు కొడవలి కట్టి కోస్తారు. ఆ గెడ కరెంటు తీగకు తగిలి కూలీలు చనిపోయిన వార్తలు పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. ఇప్పుడు పొడుగు గొట్టం చివర రంపం బిగించిన యంత్రాలూ వస్తున్నాయి. గొట్టం లోహమైతే ముప్పు అదే. పిడికి ఉన్న రబ్బరు తొడుగు 11 కె.వి. తీగ ముందు ఎందుకూ పనికిరాదు. ఫైబర్ గొట్టమైనా తడిస్తే నమ్మడానికి లేదు. అందుకే తీగ కింద, తీగ పక్కన చెట్లకు లైన్ ఆపించకుండా ఎవరినీ పనికి పంపవద్దు. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల గట్ల మీద కొబ్బరి చెట్లు, ఏరియేటర్లకు వెళ్లే తీగలు పక్కపక్కనే ఉంటాయి. అక్కడ మరింత జాగ్రత్త కావాలి. అభయారణ్యం హద్దులో అయితే అటవీ శాఖను అడగకుండా కొమ్మ మీద రంపం పెట్టవద్దు. ఆటపాక వైపు పక్షులు గూళ్లు కట్టే చెట్ల జోలికి అసలే పోవద్దు.

ఇక అసలు ప్రశ్న. రంపం పట్టేది ఎవరు? చాలా తోటల్లో పట్టాదారు కాదు, కోత ముఠా కూలీ. సబ్సిడీ మాత్రం పాసుపుస్తకం చుట్టూ తిరుగుతుంది. కేంద్ర యాంత్రీకరణ పథకంలో చిన్న, సన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు 50 శాతం, మిగతావారికి 40 శాతం వరకు రాయితీ ఉంది. సెంటు భూమి లేని కోత కూలీకి, కాగితం లేని కౌలు రైతుకు అది అందదు. ప్రాణం పణంగా పెట్టేది ఒకరు, రాయితీ ఇంకొకరికి. ఈ తీరు మారాలి.

రైతు పరిస్థితీ బాగాలేదు. 2024లో కిలో వెయ్యి రూపాయల దాకా పోయిన కోకో గింజలకు, 2025లో తగిన ధర ఇప్పించమని రోడ్డెక్కాల్సి వచ్చింది. ధర పడిపోయిన ఏడాది రైతు మొదట ఆపేసేది కొమ్మ కోత కూలీనే. దాని ఫలితం మరుసటి పంటలో కాయకుళ్లుగా కనిపిస్తుంది. యంత్రం కొనుక్కోమని సలహా ఇచ్చే ప్రభుత్వం, గింజకు ధర కూడా చూడాలి.

అందుకే మా డిమాండ్లు ఇవి. కొమ్మ కోత పనిముట్లను గ్రామ అద్దె కేంద్రాల్లో ఉంచి, కోత ముఠాలకూ కౌలు రైతులకూ తక్కువ అద్దెకు ఇవ్వాలి. ముఠాలు బృందంగా కొనుక్కుంటే పాసుపుస్తకం అడగకుండా రాయితీ ఇవ్వాలి. రంపంతో పాటే హెల్మెట్, కళ్లజోడు, తొడుగులు ఇవ్వాలి. బ్యాటరీ, గొలుసు మండల కేంద్రంలో దొరికేలా చూడనిదే ఏ కంపెనీ సరుకునూ రాయితీ జాబితాలో చేర్చకూడదు. వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం, పెదవేగి ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఊళ్లకు వచ్చి కూలీలకు శిక్షణ ఇవ్వాలి. తోటల మీద వేలాడే తీగలను విద్యుత్ సంస్థ పైకి లాగాలి. కోత కూలీలందరికీ ప్రమాద బీమా చేయించాలి.

ప్రభుత్వం కదిలే దాకా మనం ఆగనక్కర్లేదు. ఐదారుగురు రైతులు కలిసి ఒక రంపం, రెండు కత్తెరలు, ఒక అదనపు బ్యాటరీ కొనుక్కుంటే వంతులవారీగా అందరి తోటలూ సాగుతాయి. ముఠా మేస్త్రీని కూడా ఆ కొనుగోలులో కూర్చోబెట్టండి. ఏ పనిముట్టు చేతికి కుదురుతుందో పట్టేవాడికే తెలుసు. ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో మీ ఊరి తోటల మీదుగా పోయే ప్రమాదకర తీగల జాబితా రాసి సంఘం కార్యాలయానికి పంపండి. అన్నీ కలిపి విద్యుత్ అధికారుల ముందు పెడదాం.