మూగ దెయ్యానికి జముకు గొంతు

టీవీలో దెయ్యం సినిమా వస్తున్నప్పుడు ఒక్కసారి సౌండు తీసేసి చూడండి. అంతసేపూ గుండె దడదడలాడించిన శాల్తీ కాస్తా పౌడరు పూసుకున్న మనిషిగా తేలిపోతుంది. అలాంటప్పుడు మాటే లేని మూకీల కాలంలో జనాన్ని ఎలా హడలగొట్టారు?

మూకీలు మూగగా ఆడిందెక్కడ! రఘుపతి వెంకయ్య మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టిన 1914 నాటికీ, ‘భక్త ప్రహ్లాద’ నోరు విప్పిన 1932కూ మధ్య మన దేశంలో తెర పక్కన హార్మోనియం, తబలా ఉండేవి. తెర మీది అక్షరాలు చదివి కథ చెప్పే మనిషీ ఉండేవాడు. జర్మనీలో ఆ ఏర్పాటు మరింత ఘనం. దర్శకుడు ముర్నావ్ తీసిన దెయ్యం సినిమా ‘నోస్ఫెరాటు’ 1922 మార్చిలో బెర్లిన్‌లో తొలిసారి ఆడినప్పుడు హాన్స్ ఎర్డ్‌మన్ దానికోసమే సంగీతం రాశాడు. తీరా, ‘డ్రాక్యులా’ నవలను అడక్కుండా వాడుకున్నారని దాని రచయిత బ్రామ్ స్టోకర్ భార్య కోర్టుకెక్కింది. ప్రింట్లన్నీ నాశనం చెయ్యమని తీర్పొచ్చింది. సినిమా ఎలాగో బతికి బట్టకట్టింది. ఎర్డ్‌మన్ సంగీతంలో చాలా భాగం మాత్రం దక్కలేదు. ఆ ఖాళీయే ఇవాళ వాయిద్యకారులకు కలిసొచ్చింది. ఆర్గన్ వాయించేవారి నుంచి రాక్ బృందాల దాకా ఎవరికి తోచిన సంగీతం వారు కట్టి, తెర ముందు కూర్చుని వాయిస్తున్నారు.

మనకు ఇది బొత్తిగా కొత్త కాదు. తాజ్‌మహల్ కథతో 1928లో వచ్చిన ‘షిరాజ్’ మూకీకి సితార్ కళాకారిణి అనౌష్క శంకర్ కొత్తగా సంగీతం కట్టి, 2017లో లండన్‌లో వాయించి, హైదరాబాదుకూ తెచ్చారు. అది ప్రేమకథ, మహానగరం ముచ్చట. దెయ్యం కథను ఉత్తరాంధ్రలోని ఆమదాలవలసలో వేస్తే?

వాయించడానికి ఎక్కడినుంచో మనుషులు రానక్కర్లేదు. ఉత్తరాంధ్రకు జముకు ఉంది. ఒకవైపు తోలు మూసిన బుర్ర, ఆ తోలు నడుమ నుంచి వచ్చే నరం. బుర్రను చంకలో ఇరికించి, నరాన్ని బిగించి మీటితే ధ్వని మీదికి లేస్తుంది, వదులు చేస్తే కిందికి జారుతుంది. ఏదో జంతువు గొంతులోనే గునిసినట్టుంటుంది. ‘నోస్ఫెరాటు’లో అందరికీ గుర్తుండిపోయే మెట్ల ఘట్టం చూడండి. మనిషి కనబడడు. గోడ మీద నీడ ఒక్కటే, వంగిన వీపుతో, పొడుగాటి గోళ్లతో మెట్లెక్కుతుంది. ఒక్కో మెట్టుకూ నరాన్ని ఒక్కో పిసరు బిగించుకుంటూ పోతే చాలు, కీబోర్డు కీచుమనిపించే పని లేదు. అడవిలో గుర్రబ్బండిని ముర్నావ్ కావాలనే అసహజమైన వేగంతో పరుగెత్తించాడు; దానికి గుండెల మీద కట్టుకుని కొట్టే తప్పెటగుళ్లున్నాయి. ఇక శవంతో, ఎలుకలతో ఓడ దానంతటదే రేవులోకి వచ్చే చోట అందరూ చేతులు కట్టుకు కూర్చోవాలి. అక్కడ వాయించారో, చెడగొట్టినట్టే.

చిక్కు మరోచోట ఉంది. జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథలో జనం ఊపు చూసి కథకుడు ఘట్టాన్ని సాగదీస్తాడు, వద్దనుకుంటే తుంచేస్తాడు. తెర అలా ఎవరికోసమూ ఆగదు. నీడ పై మెట్టు చేరేసరికి నరం చివరి బిగువుకు రావాల్సిందే. అందుకని కళాకారులకు బొమ్మను ముందే పదేపదే చూపించాలి, సాధన రోజులకూ కూలి కట్టివ్వాలి. ఆట రోజున శాలువా కప్పి ఫొటో దిగి పంపేసే అలవాటు ఇక్కడ పనికిరాదు. అయినా కొంత అదుపు తప్పుతుంది, తప్పాలి కూడా. ఆమదాలవలస రైలు లైను మీది ఊరు; రైల్వేవారికి అది శ్రీకాకుళం రోడ్డు. మంచి పట్టులో గూడ్సు బండి కూతేస్తే ఆ కూతనూ కలుపుకుని వాయించగలగాలి.

జనం నవ్వుతారేమోనని కొందరి బెంగ. నవ్వుతారు, సందేహం లేదు. వందేళ్ల నాటి నటన, ఆ గుడ్లు మిటకరింపులు, ఎందుకు నవ్వరు? ‘ఏట్రా ఈడు, గోళ్లు తీసుకోడేటి?’ అని వెనక నుంచి ఒకరంటారు. జముకుల కథలో హాస్యం పలికే వంత ఉండనే ఉన్నాడు. అతని చేతికి మైకు ఇస్తే జవాబు అతనే చెప్పుకుంటాడు.