తాబేలుకు ఏ ఆకు పెట్టాలి?

మొన్న వానాకాలంలో మా తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు చెప్పుల అట్టపెట్టెలో ఒక నక్షత్ర తాబేలును తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. చేనిగట్టున కంపచెట్ల కింద దొరికిందట. "సార్, మూడు రోజులుగా అన్నం, పాలు పెడుతున్నాం. ముట్టడం లేదు. మన తోటలో ఏ ఆకు పెడితే తింటుంది?" అని అడిగాడు.

మంచి ప్రశ్నే. కాని దాని జవాబులో సగమే తోటలో ఉంది. మిగతా సగం కూడా చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాను.

నా చిన్నతనంలో మా ఇంట్లోనూ ఒక నక్షత్ర తాబేలు ఉండేది. తాబేలు ఇంట ఉంటే కలిసివస్తుందని పెద్దల నమ్మకం. వంటింటి మూల దాని కాపురం. రోజూ పాలకూర, అన్నం, అప్పుడప్పుడు అరటిపండు పెట్టేవాళ్ళం. దానికి ఏ లోటూ చేయడం లేదనే అనుకున్నాం. రెండేళ్ళు దాటేసరికి దాని డిప్ప వేలితో నొక్కితే లోపలికి దిగేటంత మెత్తబడింది. కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచేది. ఒక ఉదయం కదలలేదు. దశాబ్దాల తరబడి బతకగల ప్రాణి అది. కారణమేమిటో ఉపాధ్యాయుణ్ణయ్యాక, పాఠం కోసం పుస్తకాలు తిరగేసినప్పుడు గాని నాకు తెలియలేదు.

తాబేలు డిప్ప కూడా ఎముకే. ఎముకకు కాల్షియం కావాలి. ఆహారంలో భాస్వరం కంటే కాల్షియం రెట్టింపు ఉంటే తాబేలుకు మంచిది. అన్నంలో ఇది తలకిందులు, భాస్వరమే ఎక్కువ. ఇక పాలకూరలో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ. అది జీర్ణనాళంలో కాల్షియంతో కలిసి కరగని కాల్షియం ఆక్సలేట్ అవుతుంది. అలా కట్టుబడిన కాల్షియం ఒంటికి పట్టకుండా బయటికి పోతుంది. పైగా కాల్షియం ఒంటబట్టాలంటే విటమిన్ డి ఉండాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మానికి తగిలినప్పుడు అది తయారవుతుంది. మా వంటింటి మూలకు ఎండ ఏదీ?

పాల సంగతి కూడా చూడండి. తాబేలు సరీసృపం. పుట్టినప్పటి నుంచి తల్లిపాలు ఎరుగదు. పాలలోని చక్కెరను అరిగించుకునే ఏర్పాటు దాని పొట్టలో లేదు. దానికి కావలసింది పీచు పదార్థం. పెద్దపేగులోని సూక్ష్మజీవులు ఆ పీచును పులియబెట్టి శక్తినిస్తాయి. తీపి పండ్లు ఎక్కువైతే ఆ సూక్ష్మజీవుల సమతుల్యం చెడిపోతుంది.

ఈ లెక్కన ఆ రోజు తరగతి మొత్తాన్ని బడి తోటలోకి తీసుకుపోయాను. మొదట గరిక. నక్షత్ర తాబేలుకు గడ్డి ముఖ్యమైన ఆహారం. తర్వాత మందార ఆకులు, పూలు, మల్బరీ ఆకులు, గుమ్మడి పూలు, ముళ్ళు తీసిన నాగజెముడు మట్టలు. ఇవన్నీ పనికివస్తాయి. గులాబీ రేకులు కూడా మంచివే, పురుగుమందు కొట్టకపోతే. పాలకూర, తోటకూర, గంగపాయలకూర ఎప్పుడైనా కాస్త పెట్టవచ్చు, రోజూ కాదు.

ఇక ముట్టుకోనివ్వరాని మొక్కలు. గన్నేరు, పచ్చగన్నేరులలో గుండె పనిని చెడగొట్టే విషముంది. గన్నేరు ఆకు ఎండినా ఆ విషం పోదు. బిళ్ళగన్నేరు నుంచి క్యాన్సరుకు మందులు తీస్తారు. కణాలు విభజన చెందకుండా ఆపే గుణమే అక్కడ మందైంది, ఆకు తిన్న జంతువుకు అదే విషమవుతుంది. ఉమ్మెత్త, జిల్లేడు, ఆముదం, లాంటానా, గురివింద గింజలు కూడా ఈ జాబితాలోవే. కుండీల్లో మచ్చల ఆకులతో పెంచే డిఫెన్‌బాకియాలో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది. పచ్చి చేమాకు నోట పెడితే దురద పుట్టించేవి ఇలాంటి సూదులే.

ఇక్కడ ఒక అమ్మాయి అంది: "జంతువుకు ఏది విషమో దానికే తెలుస్తుంది కదా సార్?" చాలామంది ఇలాగే అనుకుంటారు. తరతరాలుగా తాను మసలిన పొదల్లోని మొక్కల విషయంలో ఇది కొంతవరకు నిజం కావచ్చు. కాని బిళ్ళగన్నేరు మడగాస్కర్ నుంచి, లాంటానా, పచ్చగన్నేరు అమెరికా ఖండం నుంచి వచ్చాయి. వాటిని నక్షత్ర తాబేలు పూర్వం ఎన్నడూ ఎరుగదు. అలాగని పరాయి మొక్కలన్నీ చెడ్డవి, మన మొక్కలన్నీ మంచివి అనుకోకండి. నాగజెముడూ అమెరికాదే, అయినా మంచి మేత. జిల్లేడు మన నేలదే, అయినా విషం. ఏ మొక్కకు ఆ మొక్కను విడిగా తెలుసుకోవలసిందే.

సరే, ఇంత తెలిశాక తాబేలును పెంచవచ్చా? వద్దని నా అభిప్రాయం. మన దేశంలో చట్టం కూడా ఒప్పుకోదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నక్షత్ర తాబేలును పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం, కొనడం, అమ్మడం నేరం. 2019లో దీని అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా నిషేధించారు. అందుకు కారణముంది. మన దేశంలోని ఒక్క వ్యాపార కేంద్రానికే ఏడాదిలో కనీసం 55,000 నక్షత్ర తాబేళ్ళు చేరుతున్నాయని 2015లో వెలువడిన ఒక పరిశీలన లెక్క కట్టింది. ఒక్కొక్కరు సరదాగా ఒక్కటే కదా అని తెచ్చుకుంటే పొదలు ఇలాగే ఖాళీ అవుతాయి.

"బయట కుక్కలు, బండ్లు ఉన్నాయి, మా ఇంట్లోనే అది క్షేమం" అనేవారున్నారు. వాళ్ళ ప్రేమను నేను శంకించను. మాకూ ఆ ప్రేమ ఉండేది. అయినా మా తాబేలు డిప్ప మెత్తబడింది. పొదల్లో అది రకరకాల గడ్డి, ఆకులు, రాలిన పూలు, పండ్లు వెతుక్కుని తింటుంది. కావలసినప్పుడు ఎండకు వస్తుంది, చాలనుకుంటే నీడకు పోతుంది. ఆ ఏర్పాటంతా మనం పెరట్లో సమకూర్చలేం.

మీ కంటబడిన తాబేలు దాని దారిన అది పోతుంటే పోనివ్వండి. ఎవరింట్లోనైనా ఉంటే అటవీ శాఖవారికి అప్పగించమని చెప్పండి. తోచినచోట వదిలేయడం కూడా తప్పే. ఇంట్లో అంటిన రోగం అడవిలోని తాబేళ్ళకు సోకవచ్చు.

మా విద్యార్థి ఆ సాయంత్రమే తాబేలును నాతోపాటు వచ్చి అటవీ సిబ్బందికి అప్పగించాడు. దారిలో ఆగి దానికి ఒక మందార పువ్వు పెట్టాడు. అది మెల్లగా మెడ చాచి కొరికింది. వాడి ముఖం వెలిగింది. తిరుగు దారిలో మాత్రం ఏమీ మాట్లాడలేదు. వాడి బాధ నాకు తెలుసు. అయినా వాడు చేసింది సరైన పనే.

మీరు కూడా మీ బడి తోటలోని మొక్కల జాబితా రాయండి. ప్రతి మొక్క ఎదుట అది ఏ దేశానిది, ఏ జంతువు తింటుంది, ఏది విషం అన్నది తెలుసుకుని పక్కన చేర్చండి. ఆ జాబితా మీ ఇంటి మేకపిల్లకూ, లేగదూడకూ కూడా పనికివస్తుంది.