కోరేగాం స్తంభం – సుబేదారు పలక



ఏటా జనవరి 1 వచ్చిందంటే మన వాడల్లో భీమా కోరేగాం మాట వస్తుంది. 1818లో ఆ రోజున కంపెనీ పటాలంలోని మహార్ సిపాయిలు పీష్వా సైన్యాన్ని నిలవేశారు. అక్కడి స్తంభం మీద చెక్కిన చనిపోయినవారి పేర్లు 49. వాటిలో 22 మహార్లవి. 1927లో బాబాసాహెబ్ స్వయంగా అక్కడికి పోయి నివాళి పెట్టారు. ఇదంతా నిజమే, మేం కాదనం.

కానీ మన మధ్యే రెండు వాదాలు నడుస్తున్నాయి. ఒకాయన "తుపాకీ పట్టిన జాతి మాది" అని మీసం తిప్పుతాడు. ఇంకొకాయన "తెల్లదొర జీతానికి తుపాకీ పడితే మనకేం గొప్ప?" అంటాడు. మేం బడిపంతుళ్లం. రెండు మాటల్లోనూ సగమే ఉందని మా అభిప్రాయం. తుపాకీ ఎవరిదైనా గానీ, దండులోకి పోయిన మనవాడు అక్కడ ఏం నేర్చుకున్నాడు? తిరిగొచ్చి వాడలో ఏం చేశాడు? అడగాల్సింది ఇది. దీనికి జవాబు స్తంభం మీద దొరకదు. ఒక సుబేదారు బతుకులో దొరుకుతుంది.

ఆయన రాంజీ సక్పాల్. బాబాసాహెబ్ తండ్రి. ఆయన తండ్రి మాలోజీ కూడా సిపాయే. కంపెనీ దొరలు తమ అవసరం కోసమే అయినా ఒక పని చేశారు. సిపాయిలకీ, వాళ్ల పిల్లలకీ, ఆడా మగా అందరికీ చదువు తప్పనిసరి చేశారు. ఊళ్లో బడి గడప తొక్కనివ్వని కులం, దండులో పలక పట్టింది. రాంజీ పంతులు శిక్షణ పొంది, సైనిక పాఠశాలలో 14 ఏళ్లు హెడ్మాస్టరుగా పనిచేశారు, సుబేదార్ మేజర్ హోదాకి ఎదిగారు. ఆ సైనిక చదువే అంటరానివాళ్లకి కొత్త చూపు ఇచ్చిందని బాబాసాహెబ్ తన రచనల్లో రాశారు. కవాతు వల్ల వచ్చిందనలేదు, చదువు వల్ల వచ్చిందన్నారు. గమనించండి.

ఆ తలుపు ఎంతకాలం తెరిచుంది? 1857 తిరుగుబాటు తర్వాత దొరలకి కొత్త సిద్ధాంతం పుట్టింది. కొన్ని జాతులే యుద్ధానికి పుట్టాయట, మిగతావాళ్లు పనికిరారట! 1890ల మొదట్లో మహార్ల భర్తీ ఆపేశారు. మద్రాసు సైన్యాన్ని కూడా చిన్నచూపు చూసి తగ్గించుకుంటూ వచ్చారు. మన తెలుగు నేల నుంచి తొలి సిపాయిలు పోబట్టే ఉత్తరాదిలో సిపాయిని "తిలంగా" అని పిలిచేవాళ్లు. అంత పేరున్న వాళ్లనీ పక్కన పెట్టారు. మహార్లు ఏ యుద్ధంలో ఓడారని తీసేశారు? ఓడలేదు. పైకులం సిపాయి పక్కన అంటరానివాడు నిలబడితే పటాలంలో ఇబ్బందని దొరలు లెక్కేసుకున్నారు. తెల్లదొర మన ఊరి కులాన్ని తన దండులోకి తెచ్చుకున్నాడు, అంతే సంగతి.

మొదటి ప్రపంచ యుద్ధంలో మనిషి కావాల్సొచ్చింది. 1917లో 111వ మహార్ పటాలం పెట్టారు. యుద్ధం అయిపోయింది, 1921లో రద్దు చేశారు. రెండో యుద్ధంలో మళ్లీ కావాల్సొచ్చింది, 1941లో మహార్ రెజిమెంటు పెట్టారు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే.

సరే, సుబేదారు దిగిపోయి బయటికొచ్చారు. హోదా ఉంది, పింఛను ఉంది. గౌరవం ఉందా? సతారా బడిలో ఆయన కొడుకు ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకుని విడిగా కూర్చున్నాడు. ప్యూను పైనుంచి పోస్తేనే నీళ్లు, ప్యూను రాకపోతే దాహమే. 1901లో రాంజీ దూరాన కరువు పనుల దగ్గర క్యాషియరుగా ఉన్నప్పుడు, పిల్లలు మంచి బట్టలేసుకుని తండ్రిని చూడ్డానికి రైలెక్కి మసూర్ స్టేషన్లో దిగారు. కులం తెలిసేసరికి స్టేషన్ మాస్టరు మొహం మారింది, బండివాళ్లెవరూ ఎక్కించుకోమన్నారు. ఆఖరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి పిల్లలే తోలుకునేట్టు, బండివాడు పక్కన నడిచేట్టు ఒప్పందమైంది. రాత్రంతా గుక్కెడు నీళ్లు పుట్టలేదు. సుబేదార్ మేజర్ గారి పిల్లలు వాళ్లు! యూనిఫాం మీద ఎన్ని పట్టీలున్నా ఊరి పొలిమేర దాటి లోపలికొస్తే కనపడేది కులమే. ఈ సంగతి మనకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

మరి చదువు వృథా పోయిందా? పోలేదు. మేం చెప్పదల్చుకున్న అసలు మాట ఇక్కడుంది.

గోపాల్ బాబా వలంగ్‌కర్ అనే మాజీ సిపాయి పింఛను తీసుకుని ఊరికే అరుగు మీద కూర్చోలేదు. 1888లో అంటరానితనాన్ని ఎండగడుతూ చిన్న పుస్తకం వేశాడు. సైన్యంలో భర్తీ మళ్లీ తెరవమని 1894లో అర్జీ రాశాడు. 1910లో శివరాం జాన్బా కాంబ్లే నడిపించగా మహార్ల సభ ఏకంగా లండన్ దాకా అర్జీ పంపింది. దండులో నేర్చిన అక్షరం వాడ పోరాటానికి ఆయుధమైంది. రాంజీ అయితే ఇంటినే బడి చేశారు. బొంబాయిలో ఒకే గదిలో సంసారం. తెల్లవారుజామున రెండింటికి కొడుకుని లేపి చదివించేవారు. పుస్తకాలకి డబ్బు లేకపోతే పెళ్లయిన కూతుళ్ల నగలు అడిగి తాకట్టు పెట్టేవారు. 1907లో కొడుకు మెట్రిక్, 1912లో బి.ఏ. 1913 ఫిబ్రవరిలో సుబేదారు పోయారు. దండు బడిలో 14 ఏళ్లు చెప్పిన పాఠాలు ఒక ఎత్తు, ఆ ఒక్క గదిలో చెప్పిన పాఠం ఒక ఎత్తు.

మన వైపు చూద్దాం. మా పల్లెలో మిలిటరీకి పోయిన పెదనాన్నలు, మామలు ఉన్నారు. సెలవుకొచ్చినప్పుడు ట్రంకుపెట్టె, ఉన్ని కంబళి తెచ్చారు. దాంతోపాటు హిందీ తెచ్చారు, టైము ప్రకారం లేవడం తెచ్చారు, ఆఫీసరు ముందు చేతులు కట్టుకోకుండా మాట్లాడడం తెచ్చారు. వాడకొచ్చిన ఉత్తరం చదివిపెట్టింది వాళ్లే, మండలాఫీసుకి అర్జీ రాసిపెట్టింది వాళ్లే. అదే జవాను సెంటర్లో టీ తాగితే గ్లాసు విడిగా ఉండేది. మా ఇళ్లల్లో మొదటి డిగ్రీ మాది. మా చదువుల ఫీజుల్లో మిలిటరీ మనియార్డరు రూపాయలున్నాయి. అంచేత ఒక చేత్తో సిపాయి, ఒక చేత్తో పంతులు మోస్తే మా వాడ ఈ మాత్రం లేచింది.

ఇప్పుడు ఆ రెండు చేతుల మీదా దెబ్బ పడుతోంది. 2022 జూన్‌లో కేంద్రం అగ్నిపథ్ తెచ్చింది. దాని ప్రకారం నాలుగేళ్ల కొలువు. ఆ తర్వాత నూటికి 25 మందినే ఉంచుకుంటారు. మిగతా 75 మంది సుమారు 11 లక్షల 71 వేల సేవానిధి తీసుకుని, పింఛను లేకుండా ఇంటికి పోవాల. జవాన్ల భర్తీలో మనకి రిజర్వేషన్ ఎప్పుడూ లేదు. అయినా పింఛను అనే దన్నుండేది. పాతికేళ్లు నిండకుండానే యూనిఫాం విప్పిన కుర్రాడు మళ్లీ ఎవరి గడప ముందు నిలబడతాడు? భూమి ఉన్న ఇంటి కుర్రాడికి ఇది ఒక అనుభవం, మనవాడికి ఇది బతుకు. అదే 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 117వ జీవో పెట్టి 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకి తరలించారు. తర్వాత ప్రభుత్వం ఆ జీవోను వెనక్కి తీసుకుంది. అయితే వాడ పక్కన ఉన్న బడి ఒకసారి బలహీనపడితే పిల్లలు అంత తొందరగా తిరిగి రారు.

ప్రభుత్వాన్ని నిలదీయాల్సిందే. పింఛను అడగాల, బడి అడగాల. దాంతోపాటు మన చేతిలో ఉన్న పనీ చేయాల. పల్లెల్లో పింఛనుదార్లయిన జవాన్లకి, రిటైరైన పంతుళ్లకి మా మనవి ఇది: అయ్యలారా, మీ పటాలం కబుర్లు వినడానికి మాకు సంతోషమే. వాటితోపాటు రోజుకి రెండు గంటలు ఇవ్వండి. అంబేద్కర్ భవనానికి ఏడాదికోసారి ఏప్రిల్ 14న రంగులేసి తాళం పెట్టొద్దు. రాత్రి బడి పెట్టండి. లెక్కలు, ఇంగ్లీషు చెప్పండి. ఆడపిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. అర్జీ రాయడం, పోలీసు స్టేషన్లో ఎఫ్.ఐ.ఆర్. కాపీ అడగడం నేర్పండి. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెడితే దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ హోదాకి తక్కువ కాని అధికారి అని ప్రతి ఇంటికీ తెలియాల. కారంచేడు (1985), చుండూరు (1991) చూసిన నేల మనది. చట్టం తెలియని వాడ ఎంత నష్టపోతుందో మనకి తెలుసు.

కోరేగాం స్తంభానికి దండం పెట్టండి, తప్పులేదు. దండం పెట్టి ఇంటికొచ్చాక మీ వీధిలో బడి మానేసిన పిల్లలెందరో లెక్కేయండి. ఆ లెక్క మా పత్రికకి రాసి పంపండి.

జై భీమ్!