ఇంటికి ఎటువంటి స్మోక్ అలారం కావాలి?

2025 మే 18, ఆదివారం ఉదయం చార్మినార్ సమీపాన గుల్జార్ హౌజ్‌లో ఒకే ఇంట 17 మంది మరణించిన అగ్నిప్రమాదం మీకు గుర్తుండే ఉంటుంది. వారిలో అత్యధికులను బలిగొన్నది మంట కాదు, పొగ.

ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో ఏళ్ల తరబడి రాత్రి విధులు నిర్వర్తించిన నాకు అది వింతగా తోచలేదు. ఒంటిపై బొబ్బ ఒక్కటైనా లేక, ముక్కుపుటాలలో మసితో మాత్రమే వచ్చిన రోగులను చూశాను. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వేలికి తగిలించే ఆక్సీమీటరు సైతం మోసపోయి, అంతా సవ్యమేనన్నట్లు అంకె చూపుతుంది!

"పొగ కమ్మితే మెలకువ రాదా డాక్టరుగారూ?" అని అడుగుతుంటారు. ఆ నమ్మకం పెట్టుకోకండి. గాఢనిద్రలో వాసన మనలను లేపదు, శబ్దం లేపుతుంది. అలారం అవసరం అందుకే.

ప్రధానంగా రెండు రకాలున్నాయి. అయొనైజేషన్ రకం భగ్గున లేచే మంటను త్వరగా పసిగడుతుంది. పరుపు, సోఫా వంటివి మంట లేకుండా లోలోపల రగులుతూ వెలువరించే దట్టమైన పొగను ఫొటోఎలక్ట్రిక్ రకం ముందుగా గుర్తిస్తుంది. పడకగదులకు నా ఓటు రెండవదానికే. మొదటిది తాలింపు పొగకే మోగుతుంది. ఇంటివారు విసిగి బ్యాటరీ ఊడదీస్తారు. వంటగదికి వేడిని గుర్తించే హీట్ అలారం చాలు. సాంబ్రాణి వేసే పూజగదిలో ఏదీ పెట్టకండి. వంటగ్యాసు లీకును ఇవేవీ కనిపెట్టలేవు. ఆ గ్యాసు గాలికంటే బరువైనది గనుక దాని డిటెక్టరు నేలకు దగ్గరగా ఉండాలి. పొగ పైకి లేస్తుంది గనుక స్మోక్ అలారం పైకప్పుకు, ఫ్యాను రెక్కలకు మూడడుగుల ఎడంగా ఉండాలి.

అమ్మేవారు సాధారణంగా చెప్పని సంగతి ఒకటుంది. మామూలు అలారం కీచుధ్వని సుమారు 3,000 హెర్ట్జ్‌లు. వయసుతో ముందుగా తగ్గేది ఇటువంటి హెచ్చుస్థాయి వినికిడే. మా ఇంట్లో మనవడు పరీక్షార్థం మీట నొక్కినప్పుడు, పక్కగదిలో నిద్రిస్తున్న నేను కదలనైనా లేదు. ఆ రోజు నా అభిప్రాయం మార్చుకున్నాను. వృద్ధులున్న ఇంటికి 520 హెర్ట్జ్‌ల తక్కువస్థాయి ధ్వని గలది వెదకండి, ధర ఎక్కువైనా సరే. లేదా ఒకటి మోగితే అన్నీ మోగేలా అనుసంధానించినవి కొనండి; నన్ను లేపడానికి కోడలైనా వస్తుంది.

పరికరం వెనుక ముద్రించిన తయారీ తేదీ చూడండి; పదేళ్లు నిండితే మార్చాలి. నెలకొకసారి మీట నొక్కండి, ఇంటి పెద్దలు నిద్రలో ఉన్నప్పుడు.