మా నిమ్మచెట్టూ, పేనుబంకా, నా అతితెలివీ

మా మేడ మీద పెద్ద కుండీలో ఓ నిమ్మచెట్టుంది. అమ్మకి ప్రాణం. మొన్న మాఘమాసంలో లేత చిగుళ్ళన్నీ ముడుచుకుపోయాయి. ఆకు తిప్పి చూస్తే గుంపులు గుంపులుగా నల్లటి పురుగులు. పేనుబంక!

"ఆఫీసులో రోజంతా బగ్గులేగా చూసేది, ఇవీ చూడరా" అంది అమ్మ. అంతే, రెచ్చిపోయా. నెట్లో ఎవరో రాశారని బట్టల పౌడరు గుప్పెడు నీళ్ళలో కలిపి, ఆదివారం మిట్టమధ్యాహ్నం కొట్టేశా (ఆదివారం పొద్దున్నే ఎవరు లేస్తారండీ). పురుగులు చచ్చాయి. మూడో రోజుకి చిగుళ్ళూ మాడిపోయాయి. అమ్మ నాతో రెండ్రోజులు మాట్లాడలేదు.

ఇంట్లో దొరికేదైతే హాని ఉండదనుకోవడం మనకున్న పెద్ద జబ్బు. బట్టల మురికి వదిలించే పౌడరు ఆకు మీది మైనపు పొరనీ వదిలిస్తుంది. కొట్టక తప్పదంటే లీటరు నీళ్ళకి 5 మి.లీ. వేపనూనె, అది నీళ్ళలో కలవడానికి నాలుగు చుక్కలు గాఢత లేని సబ్బు ద్రావణం. ఎండ తగ్గాక, ఆకుల అడుగున. ముందు ఒక్క కొమ్మకి కొట్టి రెండ్రోజులు చూడండి. టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌లో పెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా!

అసలు కథ వేరే. పది రోజులకి మళ్ళీ వచ్చాయి. ఈ జాతిలో ఆడవి మగతోడు లేకుండానే పిల్లల్ని పెట్టేస్తాయి మరి. ఈసారి కాస్త నిదానంగా చూస్తే కాండం మీద చీమల బారు! పేనుబంక విసర్జించే తియ్యటి జిగురు కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి, తినడానికొచ్చే అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. ఆ అక్షింతల పురుగు పిల్ల బుల్లి మొసలిలా నల్లగా ఉంటుంది, వందల పేనుబంకల్ని మింగేస్తుంది. దాన్నీ పురుగేననుకుని నలిపేసిన మహానుభావుణ్ణి నేనే. సబ్బునీళ్ళు పడితే అదీ చస్తుంది, అందుకే వారం వారం కొట్టడం నాకిష్టం లేదు.

కాండానికి టేపు చుట్టి దానిమీద వాజలిన్ పూశాను. గోడకి తగిలే కొమ్మ కత్తిరించాను, లేకపోతే చీమలు అటునుంచి ఎక్కేస్తాయి. పైపు మూతికి బొటనవేలు అడ్డంపెట్టి రోజూ పొద్దున్నే చిగుళ్ళమీద నీళ్ళు గట్టిగా కొట్టాను. రాలినవాటిలో చాలావరకు తిరిగి ఎక్కలేవు. యూరియా మానేశాను, అది వేస్తే వచ్చే మెత్తటి చిగురే వీటికి విందుభోజనం.

ఇప్పుడు కొత్త చిగురు బానే ఉంది. బట్టల పౌడరు డబ్బా మాత్రం అమ్మ ఇంకా నా కంటపడనివ్వట్లేదు.